డ్రాయింగ్ ఎవరి బల్ల మీద?

సింగూరు అనగానే నానో కారు, రోడ్డు మీద బైఠాయింపులు, మమతా బెనర్జీ, రతన్ టాటా గుర్తొస్తారు. తగాదా అసలు ఏ నేల దగ్గర ముడిపడిందో గుర్తున్నవారు తక్కువ. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం అక్కడ సేకరించిన 997 ఎకరాల్లో సుమారు 645 ఎకరాలు టాటా మోటార్స్ ప్లాంటుకు, 290 ఎకరాలు ఆ కారుకు విడిభాగాలు చేసే కంపెనీలకు (వెండర్లకు) కేటాయించారు. ఇష్టం లేకుండా భూములు పోగొట్టుకున్న రైతులకు 400 ఎకరాలు తిరిగి ఇవ్వాలని, అందుకోసం వెండర్ల షెడ్లను హైవేకు అవతలికి జరపాలని ఆందోళనకారులు పట్టుబట్టారు. కంపెనీ ససేమిరా అంది. వెండర్లు తన ప్రహరీ పక్కనే ఉండాలని, లేకపోతే కారు ధర లెక్క తప్పుతుందని వాదించింది. 2008 అక్టోబరులో దాదాపు పూర్తయిన ప్లాంటును వదిలి గుజరాత్‌లోని సాణంద్‌కు వెళ్లిపోయింది. (ఆ భూసేకరణ చెల్లదని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. రైతుల గోడు ఉత్తిది కాదన్నమాట.)

నాలుగు అడుగులు అవతలికి జరిగితే ఏం పోయింది అని అప్పట్లో చాలామందికి అనిపించింది. నానో పుట్టుక తెలిస్తే ఆ పట్టుదల కొంత అర్థమవుతుంది. కారంతా గీసేసి, ఒక్కో భాగానికి కొటేషన్లు పిలిచే మామూలు పద్ధతి అక్కడ నడవలేదు. ముందు రేటు ఖాయమైంది, కారు తర్వాత తయారైంది. లక్ష రూపాయల్లో ఎవరి భాగం ఎంతలో రావాలో చెప్పి, ఎలా చేస్తారో మీరే ఆలోచించండని వెండర్లను ఆరంభంలోనే కూర్చోబెట్టారు. చెన్నైకి చెందిన రానే గ్రూప్ స్టీరింగ్‌లో నిండు ఉక్కు కడ్డీ స్థానంలో ఉక్కు గొట్టం పెట్టింది. రెండు ముక్కలుగా చేసే భాగాన్ని ఒకే ముక్కగా మార్చి మెషినింగ్ ఖర్చు, బిగింపు ఖర్చు రెండూ తగ్గించింది. జీకేఎన్ డ్రైవ్‌లైన్ తన ఫ్రాన్సు, ఇటలీ డిజైనర్లను కూడా రంగంలోకి దించి, 32 రకాల నమూనాలు చేసి చూశాక గానీ డ్రైవ్ షాఫ్ట్‌ను ఖాయం చేయలేదు. 623 సీసీ, రెండు సిలిండర్ల ఇంజన్‌కు పెద్ద కారు హంగులేవీ అక్కర్లేదని, అవసరమైన పనులు మాత్రమే చేసే నియంత్రణ వ్యవస్థను బాష్ తయారుచేసి ఇచ్చింది. 2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో తెర తీసిన కారులో టాటా బుర్రతో పాటు డజన్ల కొద్దీ కంపెనీల బుర్రలు ఉన్నాయి.

అయినా ఆ కారు అమ్ముడుపోలేదు. సాణంద్ ప్లాంటు ఏటా రెండున్నర లక్షల కార్లు చేయగలదు. బాగా అమ్మిన 2011-12లో కూడా అమ్మకాలు 75 వేలకు చేరలేదు. 2018లో ఉత్పత్తి ఆగిపోయింది. కొనేవాడికి ఏం కావాలో తేల్చే పని వెండర్ చేయలేడు. ఎంత గొప్పగా కలిసి పనిచేసినా, తప్పు ప్రశ్నకు చవకగా జవాబు దొరుకుతుంది, అంతే. ఈ కథలో తక్కువగా చర్చకు వచ్చే సంగతి ఇంకొకటి ఉంది. లక్షల సంఖ్య మీద లెక్కగట్టిన పీస్ రేటు వేలల్లో గిట్టదు. డైలు, ఫిక్చర్లు, షెడ్లు వేసుకున్నవారికి ఆ తేడా ఎవరు భరిస్తారన్నది, కారు ఆవిష్కరణ రోజున చప్పట్లు కొట్టిన ఎవరికీ తట్టి ఉండదు.

కొత్త సరుకు తయారీలో వెండర్‌ను ముందే పిలవాలన్న మాట ఇప్పుడు ప్రతి కార్పొరేట్ సభలోనూ వినిపిస్తుంది. పిలవడం మంచిదే. కానీ పిలిచిన తేదీ కంటే పంపకం ముఖ్యం. ఆలోచనలో వాటా ఇచ్చి లాభంలో ఇవ్వకపోతే వెండర్ రెండోసారి నోరు విప్పడు. నష్టమంతా అతని మీద వేస్తే మునిగిపోతాడు. ఇక ఆలోచన మొత్తం అతనికే వదిలేసిన తయారీదారు తన సరుకు తనకే అర్థంకాని స్థితికి చేరతాడు. గత నలభై ఏళ్ల పారిశ్రామిక చరిత్రలో ఈ మూడింటికీ సాక్ష్యాలు దొరుకుతాయి.

కిమ్ క్లార్క్, తకహిరో ఫుజిమోతో అనే ఇద్దరు పరిశోధకులు జపాన్, అమెరికా, యూరప్ కార్ల కంపెనీలు కొత్త మోడళ్లను ఎలా తయారుచేస్తున్నాయో పరిశీలించి 1991లో ఒక పుస్తకం వెలువరించారు. బయటి నుంచి కొనే భాగాలను వారు డిజైన్ ఎవరిదన్న దాన్ని బట్టి విడదీశారు. కంపెనీయే గీతగీతా గీసి ఇచ్చేవి ఒక రకం. కొలతలు, పనితీరు, ధర చెప్పి లోపలి సంగతి వెండర్‌కు వదిలేసేవి రెండో రకం. జపాన్‌లో ఈ రెండో రకం 62 శాతం ఉంటే అమెరికాలో 16 శాతమే. అమెరికాలో 81 శాతం భాగాలు మొదటి రకానివి, అంటే వెండర్ పని గీసినదాన్ని గీసినట్టు కోసి ఇవ్వడమే. తక్కువ ఇంజనీరింగ్ గంటల్లో, తక్కువ నెలల్లో జపాన్ కంపెనీలు కొత్త కారును మార్కెట్‌లోకి తేవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటని వారు తేల్చారు. డెట్రాయిట్‌కు అది చేదు మందు.

టయోటా, డెన్సోల సంబంధం ఈ రెండో రకానికి మేటి ఉదాహరణ. టయోటాలో ఒక విభాగంగా ఉండి 1949లో వేరుపడిన కంపెనీ డెన్సో. దాని ఇంజనీర్లు నెలల తరబడి టయోటా డిజైన్ గదుల్లోనే కూర్చుని, కారు ఇంకా కాగితం మీద ఉండగానే తమ భాగాన్ని గీస్తారు. టయోటా దాన్ని పరీక్షించి ఆమోదిస్తుంది. గీసినవారిదే బాధ్యత కనుక తర్వాత లోపం బయటపడితే డ్రాయింగే తప్పని ఎదుటివారి మీదకు నెట్టే వీలు డెన్సోకు ఉండదు. బయటినుంచి చూసేవారికి ఇక్కడివరకే తెలుసు. అసలు చమత్కారం ఆ తర్వాత ఉంది. కార్లలో ఎలక్ట్రానిక్స్ పెరిగేకొద్దీ ఆ విద్య అంతా డెన్సో చేతికి పోతోందని గ్రహించిన టయోటా, 1980ల చివర్లో హిరోసేలో తన సొంత ఎలక్ట్రానిక్స్ ప్లాంటు పెట్టుకుంది. అవసరమైనదంతా అక్కడే చేసుకోవడం దాని ఉద్దేశం కాదు. డెన్సో చెప్పే ధర న్యాయమో కాదో, చూపే డిజైన్ మేలైనదో కాదో తెలుసుకునేపాటి విద్య తన దగ్గర ఉండాలనుకుంది. మూడు దశాబ్దాల తర్వాత, 2020లో, ఆ ప్లాంటును డెన్సోకే అప్పగించింది. నమ్మిన భాగస్వామిని కూడా పరీక్షించగల తెలివి నిలబెట్టుకోవడానికి అన్నేళ్లు ఖర్చుపెట్టిన కంపెనీ అది.

ఆ సంబంధాల బలం 1997 ఫిబ్రవరి 1న లోకానికి తెలిసింది. ఆ తెల్లవారుజామున కారియా పట్టణంలోని ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడింది. బ్రేకుల ఒత్తిడిని సర్దే చిన్న వాల్వు అక్కడ తయారయ్యేది. టయోటా వాడే ఆ వాల్వుల్లో దాదాపు అన్నీ ఐసిన్‌వే, చేతిలో ఉన్న నిల్వ కొన్ని గంటలకే సరిపోయేంత. జపాన్‌లో టయోటా అసెంబ్లీ లైన్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఐసిన్ తన డ్రాయింగులను దాచుకోకుండా అడిగినవారందరికీ పంచింది. సుమారు 200 కంపెనీలు పనికి దిగాయి. వాటిలో కుట్టు మిషన్లు చేసే బ్రదర్ కూడా ఉంది. రేటెంత, ఎవరిస్తారు, నష్టపరిహారం ఏమిటి అన్న బేరం ముందు పెట్టుకోకుండానే మిల్లింగ్ మిషన్లు తిరిగాయి. కొద్ది రోజుల్లోనే మొదటి వాల్వులు చేతికొచ్చాయి, వారం తిరిగేసరికి కార్లు మళ్లీ లైన్ మీదకు ఎక్కాయి. ఒకే వెండర్‌ను నమ్ముకోవడం ఎంత ప్రమాదమో అని దీన్ని చూపేవారున్నారు, నిజమే. అయితే లావాదేవీ తప్ప ఇంకేమీ లేని 200 కంపెనీలు ఒక మంటను చూసి అలా పరుగెత్తుకొస్తాయా?

ఇది జపాన్ వారి స్వభావంలోనే ఉందని, మిగతావారికి సాధ్యం కాదని చాలాకాలం అనుకున్నారు. ఆ నమ్మకాన్ని క్రైస్లర్ బద్దలుకొట్టింది. 1987లో అది ఏఎంసీ అనే చిన్న కార్ల కంపెనీని కొన్నది. డబ్బు చాలని ఏఎంసీ తన డిజైన్ పనిలో చాలా భాగం వెండర్లతోనే చేయించుకునేది. పేదరికం నేర్పిన ఆ పద్ధతే క్రైస్లర్‌కు అక్కరకు వచ్చింది. పర్చేజ్ విభాగంలో థామస్ స్టాల్‌క్యాంప్ నడిపిన పథకం ప్రకారం వెండర్లు ఖర్చు తగ్గించే ఉపాయం చెబితే మిగిలిన సొమ్ములో సగం ఉంచుకోవచ్చు. వద్దనుకుంటే తమ వాటా కూడా క్రైస్లర్‌కు వదిలి, బదులుగా ఎక్కువ ఆర్డర్లు సంపాదించుకోవచ్చు. ఉపాయం క్రైస్లర్ లోపలి పద్ధతుల మీద విమర్శ అయినా సరే, చెప్పమన్నారు. 1995 చివరికి 5,300 ఆలోచనలు వచ్చాయని, వాటి వల్ల ఏటా మిగిలేది 170 కోట్ల డాలర్లకు పైమాటేనని జెఫ్రీ డయ్యర్ అనే పరిశోధకుడు లెక్క చెప్పారు. కొత్త కారు తయారీకి 1980ల్లో సగటున 234 వారాలు పట్టేది, అది 160 వారాలకు దిగుతోందని కూడా ఆయనే రాశారు. సగం వాటా అన్న ఆ నిబంధన మంచితనంతో పెట్టినది కాదు. వెండర్‌కు తెలిసిన కిటుకు అతని నోటి నుంచి రావాలంటే అదే అగ్గువ దారి.

అదే కాలంలో జనరల్ మోటార్స్ ఎదురుదారి పట్టింది. 1992లో కొనుగోళ్ల బాధ్యత తీసుకున్న హోసే ఇగ్నాసియో లోపెజ్ పాత ఒప్పందాలను తిరగదోడి రెండంకెల శాతం ధరల కోత అడిగారు. ఆ ఏడాది కంపెనీకి కోట్ల డాలర్లు మిగిలాయి. మా కొత్త డిజైన్లు పోటీదారుల కళ్లబడుతున్నాయన్న గోల వెండర్లలో మొదలయ్యాక, మంచి ఆలోచన ఉన్న వెండర్ దాన్ని ఇంకో గుమ్మానికి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. ఆ గుమ్మం తరచూ క్రైస్లర్‌దే. అయితే క్రైస్లర్ సంపాదించుకున్న నమ్మకానికీ ఆయువు తక్కువే. 1998లో డైమ్లర్‌తో విలీనమైంది, మరుసటి ఏడాది స్టాల్‌క్యాంప్ వెళ్లిపోయారు. నష్టాలు ముంచుకొచ్చాక కొత్త అధిపతి డీటర్ జెట్షే 2001 జనవరి 1 నుంచి అందరూ 5 శాతం తగ్గించాల్సిందేనని ఆజ్ఞ జారీచేశారు. పదేళ్లు పెంచిన చెట్టుకు ఒక్క ఉత్తరం గొడ్డలిపెట్టయింది.

బోయింగ్ కథ వేరే తరహా. అక్కడ వెండర్లను పిలవకపోవడం తప్పు కాలేదు, పిలిచి ఇల్లంతా అప్పగించడం తప్పయింది. 787 డ్రీమ్‌లైనర్‌కు 2004లో శ్రీకారం చుట్టినప్పుడు కంపెనీ కొత్త సూత్రం చెప్పింది. రెక్కలు మిత్సుబిషి, ఫ్యూజిలాజ్ భాగాలు కవాసాకి, ఇటలీకి చెందిన అలేనియా, అమెరికాకే చెందిన వాట్ వంటివారు చేస్తారు. డ్రాయింగ్ ఇచ్చి చేయించడం కాదు, ఎవరి ముక్క వారే డిజైన్ చేసుకోవాలి, పెట్టుబడీ వారే పెట్టాలి, విమానాలు అమ్ముడయ్యాక డబ్బు తీసుకోవాలి. వారు తమ కింద ఇంకొందరు వెండర్లను ఎంచుకుంటారు, బోయింగ్ ఆ తలనొప్పి పెట్టుకోదు. పూర్తయిన ముక్కలను వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవరెట్‌కు తెచ్చి బిగిస్తే చాలు. 2007 జులై 8న సంబరంగా ప్రదర్శించిన మొదటి విమానం పైకి నిగనిగలాడింది, లోపల చాలావరకు డొల్ల. అసలు ఫాస్టెనర్లు దొరక్క తాత్కాలికంగా బిగించినవి ఎన్నో. ముక్కలతో పాటు రావలసిన పని పూర్తికాకుండానే ముక్కలు వచ్చాయి. ఏ పని ఎక్కడ ఆగిందో చెప్పే కాగితాలు కూడా సరిగా లేవు. 2008 మేలో అందాల్సిన మొదటి విమానం ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్‌కు 2011 సెప్టెంబరులో గానీ అందలేదు. ఈ మధ్యలో దక్షిణ కరొలైనాలో వాట్ నడిపిన ప్లాంటును బోయింగ్ 58 కోట్ల డాలర్లకు కొనేయవలసి వచ్చింది. ఖర్చు తప్పించుకుందామని బయటికి పంపిన పనిని డబ్బిచ్చి మళ్లీ ఇంట్లోకి తెచ్చుకోవడం అన్నమాట.

దీన్ని ముందే చెప్పినవాడు కంపెనీలోనే ఉన్నాడు. 2001లో బోయింగ్ ఇంజనీరు ఎల్.జె. హార్ట్-స్మిత్ ఒక అంతర్గత సదస్సులో పత్రం సమర్పించారు. పని బయటికి పంపితే లాభం కూడా దాంతోపాటు పోతుందని, వెండర్‌కు సాంకేతిక అండ ఇవ్వగల ఇంజనీర్లను ప్రధాన కంపెనీ తన దగ్గర ఉంచుకోవాలని, ముక్కలన్నీ సరిగ్గా అతకాలంటే ఆ ఖర్చు మొదటే పెట్టాలని అందులో హెచ్చరించారు. ఎవరూ వినలేదు. టయోటా హిరోసేలో చేసిన పనికి సరిగ్గా వ్యతిరేకమైన పని బోయింగ్ చేసింది.

నష్టం ఒక్కవైపే కుమ్మరిస్తే ఏమవుతుందో 2014లో యాపిల్, జీటీ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీస్ ఉదంతం చూపింది. ఫోను తెరలకు గీతలు పడని నీలమణి స్ఫటికం తయారుచేయాలన్నది ఆలోచన. జీటీ అంతకుముందు స్ఫటికాలు పెంచే కొలిమిలు అమ్మే కంపెనీ, స్ఫటికాలను టన్నుల్లో పండించిన అనుభవం దానికి లేదు. యాపిల్ 57.8 కోట్ల డాలర్లు విడతల్లో ముందస్తుగా ఇస్తానంది, ఆ సొమ్ము అప్పు కింద లెక్క. ఆరిజోనాలోని మెసాలో ఫ్యాక్టరీ భవనం యాపిల్‌దే. జీటీ తన సరుకు ఇతరులకు అమ్మకూడదు, యాపిల్ మాత్రం కొని తీరాలన్న కట్టుబాటు లేదు. రహస్యం బయటపెడితే ఒక్కో తప్పుకు 5 కోట్ల డాలర్ల జరిమానా. 262 కిలోల పెద్ద స్ఫటికాలు పగుళ్లు లేకుండా రావడం కష్టమైంది. సెప్టెంబరులో ఐఫోన్ 6 మామూలు గాజుతోనే వచ్చింది, చివరి విడత సొమ్ము ఆగింది, అక్టోబరు 6న జీటీ దివాలా పిటిషన్ వేసింది. సంతకం పెట్టినప్పుడు చదువుకోలేదా అని జీటీని అడగవచ్చు. కానీ యాపిల్‌కు మాత్రం ఏం మిగిలింది? కావలసిన తెర దొరకలేదు.

ఇక మన దగ్గరికొస్తే, ఈ పాఠాల్లో కొన్నిటికి హైదరాబాద్‌లో పాత జవాబులున్నాయి, వాటిని మనవాళ్లే మరచిపోయారు. 1974లో ఇస్రో ఫ్రాన్సుకు చెందిన ఎస్‌ఈపీ సంస్థతో వైకింగ్ రాకెట్ ఇంజన్ విషయంలో ఒప్పందం చేసుకుంది. డబ్బు ఇచ్చి కొనడానికి బదులు, భారతీయ ఇంజనీర్లు వెళ్లి ఫ్రెంచి బృందంతో కలిసి పనిచేశారు. వారి శ్రమకు బదులుగా విద్య దక్కింది. డెన్సో ఇంజనీర్లు టయోటా గదుల్లో కూర్చున్నట్టే ఇస్రో ఇంజనీరు నంబి నారాయణన్ బృందం ఫ్రాన్సులోని వెర్నాన్‌లో కూర్చుంది. తిరిగొచ్చాక ఆ ఇంజన్ ‘వికాస్’ అయింది, 1985లో పరీక్ష నెగ్గింది. దాన్ని తయారుచేసే పని గోద్రెజ్‌కు, హైదరాబాద్‌లోని ఎంటార్‌కు వెళ్లింది. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ మోటారుకు 2.8 మీటర్ల వ్యాసం ఉన్న కేసింగ్ కావాలి, మామూలు ఉక్కు ఆ ఒత్తిడికి ఆగదు. 1973లో హైదరాబాద్‌లో పుట్టిన మిశ్ర ధాతు నిగమ్, విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం కలిసి మారేజింగ్ ఉక్కును సాధించాయి. రూర్కేలా ఉక్కు కర్మాగారంలో పలకలుగా సాగదీయించారు, ఎల్ అండ్ టీ, వాల్‌చంద్‌నగర్ సంస్థలు వాటితో కేసింగులు చేశాయి. కరిగించినవారు, సాగదీసినవారు, వంచి అతికినవారు ఒకరి కష్టం ఒకరు వినకపోతే అలాంటి కేసింగ్ తయారుకాదు. రాకెట్ ఎగరకపోతే లోపం ఏ ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర మొదలైందో ఇస్రో వెతుక్కోగలదు. ఆ పని తెలిసిన మనుషులు దాని దగ్గరే ఉన్నారు.

ఎంటార్ 1970లో బాలానగర్‌లో మొదలైంది. పేరులోని పొడి అక్షరాల వెనుక ఉన్నది మెషిన్ టూల్స్ ఉపకరణాలు, పాత యంత్రాల మరమ్మతు పని. అణు విద్యుత్ కేంద్రాల ఇంధన యంత్రాల భాగాలు చేస్తూ, వికాస్ ఇంజన్లు చేస్తూ ఎదిగి, ఇప్పుడు కాలిఫోర్నియాకు చెందిన బ్లూమ్ ఎనర్జీకి ఇంధన ఘటాల పెట్టెలు పంపుతోంది. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో ఇలాంటి చేయి తిరిగిన పనివారు తరాలుగా ఉన్నారు. మైక్రాన్ల తేడాలో లేత్ మీద తిప్పడం వారికి కొత్త కాదు. కొరత ఎక్కడంటే, వారి బల్ల మీదకు వచ్చేది అన్నీ నిర్ణయమైపోయిన డ్రాయింగే. ఈ రంధ్రం ఇంకో మిల్లీమీటరు పక్కకు జరిపితే ఒక సెట్టింగ్ తగ్గుతుందని ఆపరేటర్‌కు తెలుసు. చెబితే వినేవారెవరు? కొటేషన్‌లో ఆ మాటకు గడి లేదు.

ఆదిభట్లలో టాటా, బోయింగ్ ఉమ్మడి సంస్థ 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ ఫ్యూజిలాజ్‌లు పంపుతోంది. పక్కనే లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి సీ-130జే విమానాల తోక భాగాలు చేస్తున్నారు. నాణ్యతలో ప్రపంచ స్థాయి పని అది, సందేహం లేదు. అయినా అది ఎక్కువగా గీసి ఇచ్చినదాన్ని చేసిపెట్టే పనే. ఆ అనుభవం వృథా కాదు, ప్రతి దేశం అక్కడే మొదలైంది. అక్కడే ఆగిపోవడమే చిక్కు.

పెనుకొండ ఇంకో పాఠం చెబుతుంది. 2017 ఏప్రిల్‌లో కొరియా కార్ల కంపెనీ కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఎర్రమంచి దగ్గర ఏటా మూడు లక్షల కార్లు చేసే ప్లాంటు లేచింది, 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్‌లోకి వచ్చింది. కియా వెంట హ్యుందాయ్ మోబిస్, ట్రాన్సిస్, సుంగ్‌వూ హైటెక్ వంటి కొరియా కంపెనీలూ వచ్చి పక్కనే ప్లాంట్లు పెట్టాయి. అనంతపురం, హిందూపురం కుర్రాళ్లకు ఉద్యోగాలు దొరికాయి. స్థానిక వర్క్‌షాపులకు ముఖ్య భాగాల పని ఎందుకు రాలేదన్న ప్రశ్నకు మనవారికి నైపుణ్యం లేదని, కొరియావారికి స్వజనాభిమానం ఎక్కువని జవాబులు వినిపిస్తాయి. రెండూ సగం నిజాలే. అసలు సంగతి ఏమిటంటే, ఎర్రమంచిలో పునాది తవ్వేనాటికే ఆ కారు ప్రధాన భాగాలు ఎవరు చేయాలో కొరియాలో తేలిపోయి ఉంటుంది. డిజైన్ గదిలో ఎవరు కూర్చుంటే ఆర్డరు వారిది. విస్తళ్లు వేశాక వంటవాడిని పిలిస్తే అతను వడ్డించగలడే గానీ, కూర ఏది వండాలో చెప్పలేడు కదా. పెనుకొండకు ప్లాంటు రావడం గొప్ప విజయం. కానీ ప్రోత్సాహకాలను పెట్టుబడి కోట్లతో, ఉద్యోగాల సంఖ్యతో మాత్రమే కొలిస్తే, ఎన్ని భాగాల డిజైన్ ఇక్కడ జరిగిందన్న లెక్క ఎవరికీ అవసరం పడదు.

మన చిన్న కంపెనీలు ఆ గదిలోకి వెళ్లలేకపోవడానికి ఇంటి కారణాలూ ఉన్నాయి. మొదటిది డబ్బు. కొత్త భాగానికి నమూనా చేయాలంటే డై చెక్కించాలి, రెండు మూడు సార్లు పాడుచేసుకోవాలి, పరీక్షలకు పంపాలి. ఆ నెలల్లో రాబడి ఉండదు. పాత సరుకు బిల్లులైనా సమయానికి వస్తే ఆ భారం మోయవచ్చు. 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ. పెద్ద కొనుగోలుదారు మీద వడ్డీకి దావా వేసి, మళ్లీ అతని దగ్గరే ఆర్డరు అడగగల చిన్న యజమాని ఎక్కడున్నాడు? అందుకే ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే సెక్షన్ తెచ్చారు, గడువు దాటిన బకాయిని చెల్లించేదాకా ఖర్చు కింద చూపుకోనివ్వరు. దీని ఫలితం కలగాపులగం. కొందరికి బిల్లులు త్వరగా వచ్చాయి, కొన్ని పెద్ద కంపెనీలు ఆ గొడవ ఎందుకని మధ్యతరహా సంస్థల వైపు చూశాయన్న ఫిర్యాదూ ఉంది.

రెండో కారణం ప్రభుత్వ కొనుగోళ్లలో ఎల్-1 పద్ధతి, అంటే తక్కువ రేటు కోట్ చేసినవాడికే పని. బోల్టులు, కుర్చీలు కొనేటప్పుడు అది సబబే. ఇంకా పుట్టని వస్తువుకు ఎవరు చవక అని ఎలా తేలుస్తారు? డిజైన్‌కు సాయపడిన వెండర్ తన ఆలోచన చెప్పాక, టెండర్ పిలిచి అదే ఆలోచనను పక్కవాడి చేత చవకగా చేయిస్తే, తర్వాతి సారి అతను చెప్పడు. లోపెజ్ పేరు వినని ఆఫీసుల్లో కూడా ఆ పద్ధతి నడుస్తూనే ఉంది, నిబంధనల అండతో. రక్షణ రంగంలో కాస్త మార్పు మొదలైంది. డీఆర్‌డీఓ సాంకేతిక అభివృద్ధి నిధి చిన్న సంస్థలు చేసే కొత్త పనికి ఖర్చులో 90 శాతం దాకా ఇస్తుంది. ప్రాజెక్టు పరిమితిని 2022లో 10 కోట్ల నుంచి 50 కోట్ల రూపాయలకు పెంచారు. నమూనా విఫలమయ్యే ముప్పులో ప్రభుత్వం కూడా చేయి వేసిందన్నమాట. నెగ్గాక ఎన్ని కొంటారన్న హామీ ఇంకా బలహీనమే, నిధి పొందినవారి అసలు బెంగ అదే.

ఇబ్బందులు ఇలా ఉన్నా, కావలసిన ముడిసరుకు మన దగ్గరే ఉంది. హ్యుందాయ్ గ్రూప్ ఇంజనీరింగ్ కేంద్రం దాదాపు రెండు దశాబ్దాలుగా హైదరాబాద్‌లోనే ఉంది. కార్ల భాగాలను కంప్యూటర్ మీద గీసి, ఢీకొంటే ఏమవుతుందో లెక్కగట్టే ఇంజనీర్లు వందల మంది అక్కడ పనిచేస్తారు, వారిలో తెలుగువారికి కొదవ లేదు. అదే గ్రూపుకు చెందిన కియా కార్లు పెనుకొండలో తయారవుతాయి. మైక్రాన్లు తెలిసిన షెడ్లు బాలానగర్‌లో ఉన్నాయి. హైదరాబాద్ నుంచి పెనుకొండకు ఒక రాత్రి బస్సు ప్రయాణం. రాష్ట్రం రెండయ్యాక ఈ మూడు చోట్లూ రెండు ప్రభుత్వాల కిందికి పోయాయి. పెట్టుబడుల కోసం ఆ రెండూ ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయే గానీ, ఈ మూడింటినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ప్రయత్నం పెద్దగా కనిపించదు. తదుపరి వాహన కంపెనీతో కూర్చునేటప్పుడు భూమి, విద్యుత్ రాయితీల పక్కన ఇంకో పేరా అడగవచ్చు. ఫలానా సంవత్సరంలోపు ఫలానా భాగాల డిజైన్ బాధ్యత స్థానిక సంస్థలకు ఇస్తే అదనపు రాయితీ అని రాయవచ్చు. మొదట సీటు పట్టాలు, బ్రాకెట్లు, ప్లాస్టిక్ క్లిప్పులు చాలు. ఆ పేరాలోనే, మొదటి నమూనాలు తప్పితే డై ఖర్చులో కంపెనీ ఎంత, ప్రభుత్వం ఎంత, వర్క్‌షాపు యజమాని ఎంత భరిస్తారో శాతాలతో సహా రాసుకోవాలి.